‘తెగేదాకా లాగొద్దు’: గుడ్డ గోడకి ఉండేది ఒత్తిడా, బిగువా?

నీళ్ళను ఆపే గుడ్డ గోడల గురించి రాస్తూ టెన్షన్‌ని ‘ఒత్తిడి’ అనొచ్చా అని నిన్న ఒకరు అడిగారు. అనకూడదు. ఒత్తిడి నీళ్ళది, గుడ్డలో పుట్టేది బిగువు. మాటల్లో మనం రెండింటినీ కలిపేసి, పరీక్షల టెన్షన్‌ని కూడా ఒత్తిడి అంటాం కాబట్టి ఈ తికమక.

అనంతపురం పక్కన మా చిన్నాయన చేలో కడ్డీలు పాతి, పట్ట కట్టి నీళ్ళ తొట్టి చేసినాడు. తప్పెట మాదిరి బిగించినాడు, వదులుగా ఉంటే తెగుతుందని. మీటరు లోతు నిండిన రాత్రే రింగుల దగ్గర చీలి నీళ్ళన్నీ శెనక్కాయ చేలోకి పోయినాయి.

ఆయన అనుకున్నదానికి లెక్క సరిగ్గా ఎదురు. గుడ్డ వంపుని నిలబెట్టేది బిగువు ఒక్కటే, గోడలాగా బరువుతో ఆగదు. బిగువు అంటే ఒత్తిడిని వంపు వ్యాసార్ధంతో గుణించడమే. పొట్ట ఎంత తక్కువగా ఉంటే వ్యాసార్ధం అంత పెద్దది, బిగువూ అంత ఎక్కువ. మీటరు లోతున చదరపు మీటరుకి దాదాపు 1 టన్ను ఒత్తిడి. కడ్డీల మధ్య 2 మీటర్లు ఉండి, గుడ్డ 10 సెంటీమీటర్లే పొట్ట పెడితే (అడ్డంగా లాగేది మాత్రమే చూస్తే) అక్కడ మీటరు వెడల్పుకి 5 టన్నుల బిగువు. అదే 40 సెంటీమీటర్లు వదిలితే ఒకటిన్నర టన్నుకి దిగుతుంది. మన పెద్దోళ్ళ ‘తెగేదాకా లాగొద్దు’ మనుషుల గురించే అనుకున్నా ఇన్నాళ్ళూ!

— కడప నుంచి: మరి బళ్ళో సర్ఫేస్ టెన్షన్‌ని ‘తలతన్యత’ అని చదివాం కదన్నా, తన్యత ఎందుకు వద్దు?

వద్దనడం లేదు, పుస్తకంలో ఉండనీ. ‘తన్’ అంటే సాగదీయడం, అర్థం సరిపోతుంది. కానీ పట్ట కట్టేవాడికి ‘బిగువు తగ్గించు’ అంటే వెంటనే తెలుస్తుంది. జంఝావతి నది మీద 2006లో వచ్చినదాన్ని రబ్బరు డ్యామ్ అనే కదా పిలుచుకున్నాం, త్వచ (పలచటి పొర) ఆనకట్ట అనలేదు.

— కర్నూలు నుంచి: ‘కట్ట’ అనొచ్చా దాన్ని? మట్టి ఉండదు కదా.

మట్టికట్టని పోస్తారు, దీన్నే నిజంగా కడతారు సార్! నాకైతే ‘గుడ్డకట్ట’ బాగుంది. ఆ పొట్టకి మాత్రం మంచి మాట దొరకలేదు, మీ వైపు ఏమంటారో చెప్పండి.