అమ్మకి బాహా ఆపరేషన్ అయింది. తలస్నానం, నూనె, గుండు ఎప్పటి నుంచి?

ఖమ్మం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా అమ్మ వయసు 58. చిన్నప్పటి నుంచి కుడి చెవిలో చీము. మాస్టాయిడ్ (చెవి వెనక ఎముక) ఆపరేషన్ ఎప్పుడో అయింది. అయినా మామూలు చెవి మెషిన్ పెట్టుకుంటే మళ్లీ కారడం మొదలయ్యేది. ఆ చెవిలో ఏమీ పెట్టకూడదని చెప్పి ఈఎన్‌టీ డాక్టర్ బాహా చేశారు, అంటే చెవి రంధ్రంతో పని లేకుండా ఎముక ద్వారా శబ్దం లోపలికి పంపే మెషిన్ కోసం ఆపరేషన్. చెవి వెనక ఎముకలో టైటానియం స్క్రూ, దాని మీద చర్మంలోంచి బయటికి వచ్చే చిన్న బటన్ ఉన్న రకం. కట్టు తీశారు, కుట్లు కూడా అయిపోయాయి. మెషిన్ మాత్రం ఇంకా తగిలించలేదు. "ఎముక పట్టుకోవాలి, ఆగండి" అన్నారు. అమ్మకి ఆ ఆగడమే టెన్షన్, ఆపరేషన్ ఫెయిలయిందేమో అని రోజూ అడుగుతోంది.

బటన్ చుట్టూ చర్మం మొద్దుబారింది, ముట్టుకున్నా తెలియడం లేదంటోంది. అంచున ఎండిన పొక్కులాంటిది కడుతోంది. తలస్నానం చేయించొచ్చా? రోజూ కొబ్బరినూనె లేకపోతే అమ్మకి నిద్ర పట్టదు. మా పెద్దమ్మ ఫోన్ చేసి వంకాయ, గోంగూర, చేపలు మూడు నెలలు ముట్టొద్దని చెప్పింది. వీటన్నిటికీ మించి, ఆపరేషన్ బాగా అయితే తిరుమలలో గుండు ఇస్తానని అమ్మ మొక్కుకుంది! డాక్టర్ దగ్గర ఇవన్నీ అడగడానికి టైమ్ దొరకలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాజమండ్రి లెక్కల మాస్టారు (రిటైర్డ్):

అమ్మా, నాదీ ఇదే రకం, ఇదే చెవి. చాలా ఏళ్లుగా వాడుతున్నాను. నాకు తెలిసింది చెబుతాను, మీ డాక్టర్ మాట వేరుగా ఉంటే ఆయన మాటే వినండి.

ముందు అమ్మగారి టెన్షన్ సంగతి. టైటానియం చుట్టూ ఎముక పెరిగి దాన్ని గట్టిగా పట్టేస్తుంది. స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే ఆయన గమనించిన విషయం ఇది, పళ్ల ఇంప్లాంట్లకీ అదే ఆధారం. చెవి కోసం మొదటి రోగులకి 1977లో అక్కడి గోథెన్‌బర్గ్‌లోనే అమర్చారు. స్తంభం పాతి కాంక్రీటు ఆరకముందే తీగలు లాగితే ఏమవుతుందో, తొందరపడి మెషిన్ తగిలిస్తే అదే అవుతుంది. పెద్దవాళ్లకి ఎముక గట్టిదనాన్ని బట్టి కొన్ని వారాల నుంచి మూడు నెలల దాకా ఆగమంటారు, పిల్లలకి ఇంకా ఎక్కువ. కాబట్టి ఆగమన్నారంటే ఫెయిలయిందని కాదు.

మొద్దుబారడం మామూలే. కోసినచోట సన్న నరాలు తెగుతాయి. నెలల మీద మెల్లగా స్పర్శ వస్తుంది. నాకు రూపాయి బిళ్లంత చోట ఇప్పటికీ తెలియదు, దానివల్ల ఇబ్బందీ లేదు.

ఇక శుభ్రం. ఈ ఆపరేషన్‌లో కత్తి పని గంటలో అయిపోతుంది, శుభ్రం పని జీవితాంతం ఉంటుంది. గాయం మానిందని డాక్టర్ చెప్పాక రోజూ గోరువెచ్చని నీళ్లు, ఘాటులేని సబ్బు, మెత్తటి కుచ్చుల బ్రష్‌తో బటన్ చుట్టూ, చర్మం కలిసే అంచు దగ్గరా మెల్లగా తోమాలి. బటన్‌తో పాటు ఇచ్చిన బ్రష్ పోతే చంటిపిల్లల టూత్‌బ్రష్ చాలు. పొక్కుని పొడిగా గోటితో గీకొద్దు, తడిపి నానితే అదే వస్తుంది. వెంట్రుక బటన్‌కి చుట్టుకుని ఉంటుంది చూడండి, ఆడవాళ్లకి మరీనూ. అమ్మగారికి కనబడదు, మీరే చూడాలి. పసుపు, స్పిరిట్, ఎవరో చెప్పిన ఆయింట్‌మెంట్ వద్దు. ఒక పూట కాస్త ఎర్రబడితే కంగారు అక్కర్లేదు. రసి కారడం, వాసన, నొప్పి, ఎర్రటి కండ పెరగడం, చర్మం బటన్ మీదికి ఎక్కడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే వెళ్లండి. బటన్ తిరుగుతున్నట్టు అనిపిస్తే చేత్తో బిగించొద్దు, అది డాక్టర్ పని.

తలస్నానం డాక్టర్ సరేనన్న రోజు నుంచి. మెషిన్ వచ్చాక దాన్ని తీసి పక్కన పెట్టే చేయాలి. నూనె బటన్ చుట్టూ రాయొద్దు, జిడ్డు చేరితే మెషిన్ సరిగా పట్టదు. మిగతా తలకి రాత్రి రాసి పొద్దున కడిగేస్తే చాలు.

గోంగూరకీ స్క్రూకీ ఏ సంబంధమూ లేదు. పెద్దమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. షుగర్ ఉంటే మాత్రం అదుపులో పెట్టండి, గాయం మానడం దాని మీదే ఉంటుంది.

గుండు విషయం: మానిన చర్మం మీదైనా బటన్ దగ్గర కత్తి గాటు పడితే ఇన్‌ఫెక్షన్‌కి దారి. డాక్టర్ ఒప్పుకునే దాకా వద్దు. ఆడవాళ్లు మూడు కత్తెరలు ఇవ్వడం ఎప్పటి నుంచో ఉన్నదే కదా, స్వామి ఒప్పుకోడా? ఎలాగైనా కల్యాణకట్టలో క్షురకుడికి ముందే బటన్ చూపించండి.

గుంటూరు అమ్మ:

మాస్టారు చెప్పింది బటన్ రకానికి. మా బాబుకి పుట్టుకతోనే చెవి రంధ్రం లేదు. చిన్నప్పుడు తలకి సాఫ్ట్‌బ్యాండ్ కట్టి మెషిన్ వాడాం, తర్వాత అయస్కాంతం రకం పెట్టించాం, చర్మం కింద ఒకటి, బయట మెషిన్‌కి ఒకటి. మాకు బ్రష్ పని లేదు, చర్మం మూసే ఉంటుంది. కానీ అయస్కాంతం కింద చర్మం నొక్కుకుపోతుంది. అందుకే తక్కువ బలం ఉన్న అయస్కాంతంతో మొదలుపెట్టి, రోజుకి కొంచెంసేపు పెంచుకుంటూ పోయాం. ఎరుపు తగ్గకపోతే ఆ రోజుకి తీసేయాలి. ఎమ్మారై తీయించాల్సి వస్తే ఏ రకమైనా ఇంప్లాంట్ కార్డు ముందే చూపించాలి. మెషిన్‌కి తాడు తగిలించి కాలర్‌కి క్లిప్ పెట్టండి. మావాడిది స్కూల్లో ఎన్నిసార్లు జారిందో. రాత్రి తేమ లాగే డబ్బాలో పెట్టండి, మన ఉక్కపోతకి అది తప్పదు.

ఖమ్మం అమ్మాయి:

చాలా థాంక్స్ మాస్టారూ, అక్కా. అమ్మకి షుగర్ ఉంది, రేపే టెస్ట్ చేయిస్తాను. మూడు కత్తెరల మాట చెబితే "అడిగి చూస్తాను" అంది, ఎవర్ని అడుగుతుందో తెలియదు. ఇంకొక్కటి, మెషిన్ వచ్చాక ఫోన్ మాట్లాడగలదా?

రాజమండ్రి లెక్కల మాస్టారు (రిటైర్డ్):

మాట్లాడొచ్చు. ఫోన్ చెవి రంధ్రం దగ్గర కాదు, వెనక మెషిన్ మైక్ దగ్గర పెట్టాలి. మరీ ఆనిస్తే కుయ్‌మంటుంది, కొంచెం ఎడం ఉంచమనండి. మెషిన్ తీసేటప్పుడు నేరుగా లాగకుండా ఒక పక్కకి వంచి తీయాలి. తగిలించే రోజున ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షలు చేసి మెషిన్ సరిచేసేవారు) దగ్గర అమ్మగారి చేతే తీయించి, పెట్టించండి. మీరు పెట్టి తీసుకొస్తే మర్నాటి నుంచి ప్రతి పూటా మిమ్మల్నే పిలుస్తారు.