టైప్ 1 డయాబెటిస్ పిల్లాడికి సీజీఎమ్ తిరస్కరణ: వీడియో విజిట్ లెక్కలోకి రాదట

ఉండేది టెక్సస్‌లో. బాబుకి 9 ఏళ్లు, టైప్ 1, రోజుకు 4 ఇన్సులిన్ ఇంజెక్షన్లు. గ్లూకోజ్‌ని నిరంతరం కొలిచే సీజీఎమ్ పరికరం సెన్సర్ ఒక్కోటి 10 రోజులు, అంటే నెలకు 3. డిసెంబర్ దాకా ఫార్మసీలోనే ఇచ్చేవారు. జనవరి 1 నుంచి కంపెనీ ప్లాన్ మారింది, సెన్సర్లు మెడికల్ ఎక్విప్‌మెంట్ కిందికి వెళ్లాయి. ప్రయర్ ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ ముందస్తు అనుమతి) తిరస్కరించారు. కారణం: గత 6 నెలల్లో డాక్టర్ ముఖాముఖి చూసిన నోట్స్ లేవు. విజిట్ అయితే ఉంది, నవంబర్‌లో వీడియోలో. ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్‌లో కూడా సీజీఎమ్‌కి టెలీహెల్త్ విజిట్ చెల్లుతుంది!

ఇప్పటిదాకా చేసినవి: డాక్టర్ లెటర్, 90 రోజుల గ్లూకోజ్ రిపోర్టు (54 కన్నా తక్కువకి పడిన రాత్రులు మార్క్ చేసి) జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీకే ఇంటర్నల్ అప్పీల్ వేశాం. మళ్లీ అదే జవాబు, తేదీ ఒక్కటే మారింది. రాష్ట్ర ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి రాస్తే, ఇది కంపెనీ తన డబ్బుతో నడిపే సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్, ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది, టెక్సస్ డయాబెటిస్ చట్టం వర్తించదన్నారు. హెచ్‌ఆర్ మళ్లీ ఇన్సూరెన్స్ వాళ్లకే ఫోన్ చేయమంటోంది. క్లెయిమ్ ఫైలు, వాళ్లు వాడిన రూల్ కాపీ రాతపూర్వకంగా అడిగి తెప్పించుకున్నాం. "ముఖాముఖి" అనే ఉంది, వీడియో ఊసే లేదు.

ఫైనల్ డినయల్ వచ్చి 3 వారాలైంది. ఎక్స్‌టర్నల్ రివ్యూకి (బయటి స్వతంత్ర సంస్థ చేసే పరిశీలన) 4 నెలల గడువు. ఎండోక్రైనాలజిస్ట్ నేరుగా చూసేది ఇంకో 7 వారాలకు. మిగిలినవి 2 సెన్సర్లు.

ఆ విజిట్ అయ్యాక కొత్తగా ప్రయర్ ఆథరైజేషన్ పెడితే, పాత తిరస్కరణ మీద ఎక్స్‌టర్నల్ రివ్యూ కూడా నడుస్తుందా, లేక ఒకటి వదులుకోవాలా?