మా మేనకోడలు టెన్త్ తర్వాత ఏం చదివితే మంచిది? దయచేసి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట దగ్గర పల్లె. మా అక్క కూతురు ఈ ఏడాది టెన్త్ రాస్తోంది. లెక్కలు, సైన్సు ఎందుకు, సీఈసీ చాలు అంటున్నాడు మా బావ. నాకైతే మనసొప్పడం లేదు.

వాళ్లకు రొయ్యల గుంటలున్నాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎందుకు పడిపోతుందో ఈ పిల్లే వాళ్ల నాన్నకు చెప్పింది. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే, కంటికి కనపడనంత సన్నటి నాచు) ఆక్సిజన్ తయారు చేయదు, పైగా నీళ్లలో ఉన్నదాన్నే వాడుకుంటుంది అని. పొద్దున, సాయంత్రం నీళ్ల పీహెచ్ (ఆమ్లం, క్షారం ఎంతుందో చెప్పే కొలత) చూసి నోట్‌బుక్‌లో గ్రాఫు కూడా గీస్తుంది. సాయంత్రానికి ఆ గీత పైకి లేస్తుంది. ఇంత ఆసక్తి ఉన్న పిల్లను ఆపడం అన్యాయం కాదా?

ముత్తుకూరు మత్స్య కళాశాలలో బీఎఫ్ఎస్సీకి (మత్స్యశాస్త్రంలో డిగ్రీ) వెళ్లాలంటే బైపీసీ చదవాలి. ఒంగోలు ట్రిపుల్ ఐటీ అయితే టెన్త్ మార్కులతోనే సీటు, ఆరేళ్ల కోర్సు. పాలిటెక్నిక్ మూడో దారి. తనకు లెక్కలన్నా ఇష్టమే, గుంటలన్నా ఇష్టమే.

వీటిలో చదివినవాళ్లు, ముఖ్యంగా పల్లెల నుంచి వెళ్లిన ఆడపిల్లలు, చదువు ఎలా ఉందో, తర్వాత ఏం ఉద్యోగాలు వచ్చాయో రాయండి. మా బావకు చదివి వినిపిస్తాను.