6 లక్షలున్నాయి: పాత గుడికి త్రీడీ మోడల్ చేయించాలా, కప్పు కురవకుండా చూడాలా?

త్రికూటం_ములుగు
మాది ములుగు దగ్గర ఊరు. చెరువు కట్ట కింద కాకతీయుల నాటి చిన్న త్రికూటాలయం (మూడు గర్భగుళ్ల గుడి) ఉంది, ఏ శాఖ రక్షిత జాబితాలోనూ లేదు. అమెరికాలో ఉండే మా ఊరాయన ఒకరు 6 లక్షలు ఇస్తానన్నారు. ఒక కంపెనీ వాళ్లొచ్చి లేజర్ స్కాన్ చేసి గుడి మొత్తాన్ని కంప్యూటర్లో త్రీడీ మోడల్‌గా చేసిస్తాం, 4 లక్షలవుతుంది అని చెప్పి పోయారు. ఊరి పెద్దమనుషులేమో కప్పు మీద రావి మొక్క మొలిచి వేళ్లు దూలాల సందుల్లోకి దిగాయి, వానొస్తే రంగమంటపంలో బకెట్లు పెడుతున్నాం, ముందు అది చూడండి అంటున్నారు. నాకు ఇద్దరి మాటా సబబుగానే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

డంగుసున్నం
ఇది అడగాల్సిన ప్రశ్నేనా తమ్ముడూ? ఇల్లు కురుస్తుంటే ఎవరైనా ఇంటికి ఫొటో తీయించుకుంటారా? శ్రీశైలం డ్యాం కింద మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి ఆలంపురంలో నిలబెట్టారు, అప్పుడు ఏ కంప్యూటర్ ఉంది? రాయి మీద ఒక నంబరు, కాగితం మీద అదే నంబరు, పక్కన పని తెలిసిన శిల్పులు, అంతే. మోడళ్లన్నీ మీటింగుల్లో టీవీ మీద గిర్రున తిప్పి చూపించుకోవడానికే.

కాజీపేట_జంక్షన్
అన్నా, పారిస్ నోత్రదామ్ చర్చి సంగతి మర్చిపోయారా? 2019 ఏప్రిల్‌లో తగలబడింది, 2024 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ అంతకు చాలా ముందే దాన్ని లేజర్‌తో స్కాన్ చేసి పెట్టాడు, వంద కోట్లకు పైగా కొలత చుక్కలు. పాపం, మంటలకు కొన్ని నెలల ముందే ఆయన పోయాడు. ఆ కొలతలు ఉండబట్టే కదా పని అంత తొందరగా తెమిలింది.

పాయింట్‌క్లౌడ్_హన్మకొండ
నాది ఇదే పని, కాబట్టి నా మాట ఒక వైపు మొగ్గుతుందనుకున్నా సరే. కాజీపేట బ్రదర్ చెప్పింది సగమే. టాలన్ స్కాన్ పనికొచ్చింది నిజమే, కానీ కాలిపోయిన కొయ్య కప్పును మళ్లీ చేసిన వడ్రంగులకు 2014లో ఫ్రొమాన్, ట్రాంటెసో అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఆ చట్రంలోకి ఎక్కి కొలిచి గీసిన డ్రాయింగులు కూడా అంతే అక్కరకొచ్చాయి.

ముందు ఒకటి తేల్చుకోవాలి, స్కాన్ వేరు, మోడల్ వేరు. స్కానర్ ఇచ్చేది కోట్ల చుక్కలు. వాటి మీద మనిషి కూర్చుని ఇది స్తంభం, ఇది దూలం, ఇది ఫలానా రాయి, ఈ పగులు ఎప్పుడు చూశాం, ఎప్పుడు ఎవరు బాగుచేశారు అని ఒక్కొక్క భాగానికీ వివరం రాస్తేనే అది బిమ్ మోడల్, పాత కట్టడాలకైతే హెచ్‌బిమ్ అంటాం. చుక్కలకు పైపొర తప్ప ఇంకేం కనపడదు. మన రామప్పనే చూడండి, 1213లో మొదలుపెట్టిన గుడి, గోడలు ఇసుకరాయి, చెక్కిన స్తంభాలూ దూలాలూ గ్రానైట్, డోలరైట్, పైన విమాన శిఖరం నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు. లోపల ఉన్నది తేలే ఇటుకో మామూలు ఇటుకో ఏ లేజరూ చెప్పదు. పునాదిలో నింపిన ఇసుక తడిగా ఉందో లేదో అసలే చెప్పదు. తెలిసినవాళ్లు చెబితే ఎవరో ఒకరు ఎక్కించాలి. మీ 4 లక్షలు ఆ రాతకా, గిర్రున తిరిగే బొమ్మకా అని కొటేషన్లో చూసుకోండి.

సిగ్గుపడాల్సిన విషయం ఒకటి చెప్తా. నేను ఇంతకుముందు చేసిన ఆఫీసులో ఒక గుడి మోడల్ చేశాం, 20 స్తంభాలు. గడువు దగ్గర పడేసరికి టెన్షన్‌లో ఒక స్తంభాన్ని బాగా గీసి మిగతా 19 చోట్లా కాపీ పేస్ట్ కొట్టాం. అక్కడేమో ఒక స్తంభం పక్కకు ఒరిగి ఉంది, ఇంకోదాని పీఠం అంచు పగిలి ఊడింది. మోడల్లో మాత్రం అన్నీ సిపాయిల్లా నిటారుగా నిలబడ్డాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఒరిగిన స్తంభం కోసమే కదా మేం పోయింది! ఇంకా తమాషా, అద్దంలా నునుపు చేసిన నల్లరాయి మీద లేజర్ సరిగా నిలవదు, స్తంభం మధ్యలో చుక్కలు చెదిరిపోయి చిల్లులు పడ్డట్టు వచ్చింది. ఫ్యాక్టరీ సామాన్లకైతే తెల్ల పౌడర్ స్ప్రే చేస్తారు, గుడి రాయికి అలా ఎలా చేస్తాం? చివరికి ఫొటోలతో, టేపుతో పూడ్చుకున్నాం.

డంగుసున్నం
చూశారా, నేను చెప్పిందీ అదే! టేపు దగ్గరికే వచ్చారు.

పాయింట్‌క్లౌడ్_హన్మకొండ
వచ్చాను సార్, ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పిన పెయింట్ నంబరు ఎన్ని వానలు తట్టుకుంటుంది? వేయిస్తంభాల గుడి కల్యాణమంటపాన్ని విప్పాక మళ్లీ జనం లోపలికి అడుగు పెట్టింది 2024 శివరాత్రికి, పదిహేనేళ్ల పైమాటే. ఏ పనైనా అన్నేళ్లు సాగితే మొదట్లో ఉన్న ఇంజనీరు రిటైరవుతాడు, శిల్పి ఇంకో ఊరు పోతాడు, ఏ రాయి ఎందుకు పక్కన పెట్టారో చెప్పేవాళ్లుండరు. అప్పుడు ప్రతి రాయి కథా ఒకచోట దొరికే మోడల్ ఉంటే దాని విలువ తెలుస్తుంది. రెండేళ్లకోసారి స్కాన్ చేసి పాతదాని మీద పెడితే స్తంభం ఎంత ఒరిగిందో మిల్లీమీటర్లలో పట్టుకోవచ్చు, కంటికి అది ఆనదు.

కాజీపేట_జంక్షన్
ఆ ఫైళ్లు ఎక్కడ ఉంటాయి మరి? సర్పంచ్ బీరువాలో హార్డ్ డిస్కా?

పాయింట్‌క్లౌడ్_హన్మకొండ
నవ్వులాట కాదు, చాలా మోడళ్ల గతి అదే. రెవిట్ ఫైల్ ఒక్కటే ఇస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఉన్నవాడే తెరవగలడు. వేరే సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునేలా మోడల్‌కి ఐఎఫ్‌సీ, చుక్కలకి ఈ57 ఫార్మాట్‌లో కాపీలు కావాలని, డ్రాయింగులు కాగితం మీద కూడా కావాలని ముందే రాయించుకోండి.

ములుగు తమ్ముడూ, నన్నడిగితే ఇంత చిన్న గుడికి, అదీ ఇప్పుడు, 4 లక్షల మోడల్ వద్దు. నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నాననుకోండి. ప్రతి ఫొటో పక్క ఫొటోను సగానికి పైగా కలుపుకునేలా వరసగా తీసి, నాలుగైదు చోట్ల టేపు కొలతలు రాసుకుంటే ఫొటోగ్రామెట్రీతో, అంటే ఆ ఫొటోల నుంచే కొలతలు రాబట్టే పద్ధతితో, సరిపడా రికార్డు వస్తుంది. కప్పు పని మొదలయ్యేలోపే ఇది అయిపోవాలి, ఒక్క రాయి కదిలిందంటే పాత స్థితి మళ్లీ దొరకదు.

డంగుసున్నం
ఇది కాస్త బుద్ధిగా ఉంది. ఇంకోటి, రావి మొక్కను పట్టుకు లాగకండి, వేరుతో పాటు రాయి కదులుతుంది. మొదలు నరికి, వేరు ఎండేదాకా మళ్లీ చిగురించకుండా చూడాలి. సందుల్లో సిమెంట్ పూయకండి, తడి బయటికి పోనివ్వక రాయిని తినేస్తుంది. డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి. పెద్ద పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అతికించి తేదీ రాయండి. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టే. ముందు రాష్ట్ర హెరిటేజ్ శాఖ వాళ్లకు ఒక ఉత్తరం పెట్టండి, లేకపోతే రేపు ఊళ్లో ఎవరో ఇసుకను జోరుగా కొట్టి రాయిని గీకే సాండ్‌బ్లాస్టింగ్ మిషన్ పట్టుకొచ్చి గుడికి స్నానం చేయిస్తామంటారు.

త్రికూటం_ములుగు
సాండ్‌బ్లాస్టింగ్ మాట ఇప్పటికే వచ్చింది సార్, మా ఉపసర్పంచ్ నోట! అమెరికా ఆయనతో మాట్లాడాను. ముందు ఫొటోలు, ఆపైన కప్పు, మిగిలింది బ్యాంకులో అన్నారు. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి ఒరిగిన స్తంభాన్ని ఒరిగినట్టే గీస్తారా అని అడిగితే, దానికి రేటు వేరే అన్నారు. హన్మకొండ అన్నా, ఆదివారం వస్తారా? నిచ్చెన ఊళ్లోనే దొరుకుతుంది, కెమెరా మీరు తెచ్చుకోవాలి.

డంగుసున్నం
టేపు నేను తెస్తా.