ప్రవచనాలు ఇన్నేళ్లు విన్నా మనసు మారలేదెందుకు?

ప్రశ్న:
మూడేళ్లుగా రోజూ ఉదయం వంట చేస్తూ ప్రవచనాలు వింటున్నాను. ఫోనును పోపుల డబ్బాకు ఆనించి పెట్టుకుంటే, వంట ముగిసేలోగా ఒక ప్రసంగం పూర్తవుతుంది. రామాయణమైనా, భాగవతమైనా, ఏ పెద్దలు చెప్పినా శ్రద్ధగానే విన్నాను. అయినా మొన్న భరతుడు పాదుకలను తలకెత్తుకున్న ఘట్టం విని కంటతడి పెట్టుకున్న పావుగంటకే, స్టీలు గ్లాసుకు సొట్ట పడిందని మా పనిమనిషిని నోటికొచ్చినట్లు తిట్టాను. ఆమె మారు మాట్లాడకుండా గిన్నెలు బోర్లించి వెళ్లిపోయింది. వినడం వల్ల ఎదుగుదల కలుగుతుందన్నది నిజమైతే, నా వినికిడిలో లోపం ఎక్కడుంది?

మొదటి జవాబు:
అమ్మా, లోపం శ్రద్ధలో లేదు, విన్న తర్వాత మిగలవలసిన విరామంలో ఉందని నా అభిప్రాయం. బృహదారణ్యక ఉపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి తన భార్య మైత్రేయికి ఆత్మను గురించి వినాలి, మననం చేయాలి, అంటే విన్నదాన్ని ఆలోచించుకోవాలి, నిదిధ్యాసనం చేయాలి, అంటే దాన్నే ఎడతెగక ధ్యానించాలి అని చెప్పాడు. మనం మొదటి మెట్టు మీదే నిలబడి, ఒక ప్రసంగం ముగియగానే మరొకటి పెట్టుకుంటున్నాం. నా చిన్నతనంలో విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ గారి ప్రసంగం కోసం ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా రేడియో చుట్టూ చేరేది. అది ముగిశాక మళ్లీ వినాలంటే వారం ఆగవలసిందే కనుక, ఆ వారమంతా మా నాన్నగారు అరుగు మీద, పొలం గట్టు మీద ఆ ఘట్టాన్ని గురించే మాట్లాడేవారు. శ్రోతలు ఉత్తరాలు రాస్తే ఆయన ధర్మసందేహాలు తీర్చేవారు. ప్రశ్న పుట్టేదాకా ఆలోచించడం, దాన్ని కార్డు మీద రాయడం, జవాబు కోసం ఎదురుచూడడం, ఇదంతా మననమే. పరీక్షిత్తు మహారాజు కూడా ఏడు రోజులు గంగాతీరంలో అన్నపానాలు మాని, శుకమహర్షి ఎదుట కూర్చుని భాగవతం విన్నాడే గాని, మరో పని చేసుకుంటూ వినలేదు.

రెండో జవాబు:
పై వారి మాటతో ఏకీభవిస్తూనే ఒక మనవి. వంటింట్లో వినడాన్ని తప్పుగా భావించకండి. చాలామంది గృహిణులకు దొరికే ఏకాంతం అదొక్కటే. నేను పంచాంగం వెనుక ఖాళీ పేజీలో, విన్నదానిలో ఆ రోజు నాకు వర్తించే ఒక్క వాక్యం రాసుకుంటాను. కొన్ని రోజులు ఏమీ రాయలేకపోతాను, అప్పుడు అదే ప్రసంగాన్ని మరునాడు మళ్లీ వింటాను.

మూడో జవాబు:
చెప్పేవారిని ఎంత గౌరవించినా, వారు చెప్పినదంతా పరిశీలించకుండా స్వీకరించవలసిన పని లేదు. తైత్తిరీయ ఉపనిషత్తులో ఆచార్యుడే శిష్యునితో, మాలోని మంచి నడవడిని మాత్రమే అనుసరించు, ఇతరమైనవాటిని కాదు అంటాడు. స్త్రీల గురించో, కులం గురించో ఎవరైనా మనసు నొచ్చుకునే మాట అన్నప్పుడు, పీఠం మీద కూర్చున్నారు కదా అని తల ఊపితే మన వివేకం మొద్దుబారుతుంది. భగవద్గీత కూడా గురువును సేవించడంతో పాటు ప్రశ్నించమని చెప్పింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ నమస్కారం. ఈ ఉదయం ఆమె రాగానే, మొన్న నేను అన్న మాటలు తప్పని చెప్పాను. "పర్లేదమ్మా" అని తల వంచుకుంది గాని, వెళ్లేటప్పుడు రోజూ చెప్పే "వెళ్లొస్తానమ్మా" ఇవాళ కూడా చెప్పలేదు. ఈ వారం కొత్త ప్రసంగం ఏదీ పెట్టుకోను, భరతుని ఘట్టాన్నే మళ్లీ వింటాను.