ఎఫ్‌ఈఎస్ (కరెంట్‌తో కండరాల్ని కదిలించే పరికరం) పెడితే బాబు పాదం బయటికి తిరుగుతోంది, ప్యాడ్లు ఎక్కడ పెట్టాలి?

మా బాబుకి 7 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికల్లో ఇబ్బంది), కుడివైపు హెమిప్లీజియా (కుడి చెయ్యి, కాలు బలహీనం), జీఎంఎఫ్‌సీఎస్ లెవెల్ 1 (కదలికల స్థాయి కొలమానంలో తేలికైనది, ఆసరా లేకుండా నడుస్తాడు). నడిచేటప్పుడు కుడికాలి వేళ్లు నేలకి రాసుకుంటాయి. ఫిజియో సలహాతో ఇంట్లో ఎఫ్‌ఈఎస్ వాడుతున్నాం: 33 హెర్ట్జ్, 300 మైక్రోసెకన్లు, మడమ కింద స్విచ్ (మడమ లేస్తే కరెంట్ వస్తుంది). ఒక ప్యాడ్ మోకాలి కింద బయటివైపు ఫిబులా ఎముక తల దగ్గర, రెండోది కాలి ముందు కండరం మీద.

కూర్చుంటే పాదం చక్కగా లేస్తుంది. నడకలో మాత్రం బయటికి తిరిగి, లోపలి అంచు మీద అడుగు పడుతోంది. పడిపోతాడేమోనని టెన్షన్. కరెంట్ తగ్గిస్తే పాదం అసలు లేవట్లేదు. ప్యాడ్లు కొత్తవి మార్చాం, పై ప్యాడ్ కాస్త ముందుకి జరిపాం, అయినా నడకలో అంతే. పిక్క బిగువు లేదు. ఫిజియోని నెలాఖరుకి గానీ కలవలేం, అప్పటిదాకా స్ప్లింట్‌తోనే నడిపిస్తున్నాం.

ఇలా బయటికి తిరిగిన పిల్లల్లో ఏ ప్యాడ్‌ని ఎటువైపు, ఎంత జరిపితే పాదం తిన్నగా లేచింది?