బాక్సర్ల నోటిదురుసు: వేషమా, అసలు మనిషా?

గ్యాలరీ_సీటు:
నిన్న రాత్రి జార్జ్ ఫోర్‌మన్ పాత ఫైట్లు వరసపెట్టి చూశాను. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో మహమ్మద్ అలీతో తలపడేనాటికి ఆ మొహం ఎలా ఉందంటే, దగ్గరికెళ్లి టైమెంతని అడగాలన్నా భయమేస్తుంది. 1994లో, 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ని పడగొట్టి మళ్లీ చాంపియన్ అయ్యేసరికి అదే మనిషి మనవలతో ఆడుకునే తాతయ్యలా నవ్వుతున్నాడు. తొడుక్కున్నది కిన్షాసా నాటి ఎర్ర నిక్కరేనట! ఇద్దరిలో అసలు ఫోర్‌మన్ ఎవరు? బాక్సర్లు బయటికి కనిపించే తీరుకీ లోపలి మనిషికీ ఏమైనా సంబంధం ఉంటుందంటారా?

పదిహేనోరౌండ్:
ఏ సంబంధమూ ఉండదు. అదంతా వ్యాపారం. ఫోర్‌మన్ కుర్రవాడిగా మాజీ చాంపియన్ సోనీ లిస్టన్‌తో స్పారింగ్, అంటే సాధన కోసం ఫైటింగ్ చేసేవాడు. లిస్టన్ నవ్వడు, మాట్లాడడు, చూపుతోనే సగం చంపేస్తాడు. చాంపియన్ అంటే ఇలా ఉండాలి కాబోలనుకుని ఆ చూపు అరువు తెచ్చుకున్నానని తర్వాత ఫోర్‌మనే చెప్పుకున్నాడు.

అలీ తన వేషాన్ని గార్జియస్ జార్జ్ అనే రెజ్లర్‌ని చూసి నేర్చుకున్నాడు. ఆ జార్జ్ తళుకుబెళుకుల అంగీలు వేసుకుని నా అంత అందగాడు లేడని అరిచేవాడు. వీడెప్పుడు తన్నులు తింటాడా అని జనం టికెట్ కొని మరీ వచ్చేవాళ్లు. అలీకి కిటుకు అర్థమైపోయింది.

ఈ కాలం బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ కూడా అంతే. 2006లో ఏడున్నర లక్షల డాలర్లు కట్టి ప్రమోటర్ ఒప్పందం నుంచి బయటపడ్డాడు. అప్పటిదాకా 'ప్రెటీ బాయ్'. 2007లో ఆస్కార్ డి లా హోయా అనే బాక్సర్‌తో ఫైట్ నాటి నుంచి 'మనీ'. నోట్ల కట్టలు విసరడం, కార్ల ముందు పోజులు. ఓడిపోతే చూద్దామని ఎంతమంది డబ్బు కట్టారో. 50 ఫైట్లు ఆడాడు, ఒక్కటీ ఓడలేదు. వాళ్ల డబ్బంతా వాడి జేబులోకే. కెమెరా పక్కన పెడితే మందు ముట్టడు, అర్ధరాత్రి జిమ్‌లో చెమటోడుస్తాడు. ఏది వేషమో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది.

సౌత్‌పా_సూరి:
ఆ మందు ముట్టని మనిషే తన పిల్లల తల్లిని కొట్టిన కేసులో నేరం ఒప్పుకుని 2012లో రెండు నెలలు జైల్లో ఉన్నాడు. అదీ కెమెరా లేనప్పుడు జరిగిందే కదండీ? వేషం తీసేస్తే కింద మంచివాడే దొరకాలని రూలేం లేదు.

ఇక అలీ సంగతి. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు టైటిల్ లాగేసుకుని, లైసెన్సు లేకుండా చేసి, అలీని ఇంట్లో కూర్చోబెట్టిన రోజుల్లో సాటి బాక్సర్ జో ఫ్రేజియర్ అతని తరఫున మాట్లాడాడు, డబ్బు సాయం చేశాడు. దానికి ప్రతిఫలం ఏంటి? 1971లో వాళ్లిద్దరి ఫైట్‌కి ముందు అలీ అతన్ని 'అంకుల్ టామ్', అంటే తెల్లవాళ్ల అడుగులకు మడుగులొత్తేవాడు అన్నాడు. 1975లో మనీలాలో మళ్లీ తలపడే ముందు జేబులోంచి రబ్బరు గొరిల్లా బొమ్మ తీసి, ఇదే ఫ్రేజియర్ అని ప్రెస్ ముందు దాన్ని గుద్ది చూపించాడు. ఫ్రేజియర్ పిల్లల్ని బడిలో ఆ మాటలతోనే ఏడిపించారు. వేషం అలీది, దెబ్బలు మాత్రం ఆ పిల్లలకి.

తూకంరాయి:
'డబ్బు సాయం చేశాడు' అని ఎంత తేలిగ్గా రాసేశారు సూరి గారూ. అప్పా, ఊరికే ఇచ్చాడా? రెండూ ఒకటి కాదు.

సౌత్‌పా_సూరి:
అప్పయితే గొరిల్లా అనొచ్చా?

తూకంరాయి:
నేనలా అనలేదు. అప్పా కాదా అని మాత్రమే అడిగాను.

పదిహేనోరౌండ్:
సూరి గారూ, 1971 ఫైట్‌కి ఇద్దరికీ చెరో 25 లక్షల డాలర్లు ముట్టాయి. అప్పట్లో బాక్సింగ్‌లో ఎవరూ కని విని ఎరగని సొమ్ము. అలీ నోరు లేకపోతే అందులో సగమైనా వచ్చేదా? ఫ్రేజియర్ చెక్కు వద్దనలేదే. 2001లో అలీ న్యూయార్క్ టైమ్స్‌లో క్షమాపణ కూడా చెప్పాడు. ఆవేశంలో అన్నాను, ఫైట్ ప్రచారం కోసమే అన్నాను అని. ఇంకేం కావాలి?

సౌత్‌పా_సూరి:
అడుసు తొక్కనేల, కాలు కడగనేల. తిట్టింది కూడా పేపర్లోనే, క్షమాపణ కూడా పేపర్లోనే. 'ప్రచారం కోసమే' అనడం క్షమాపణ ఎలా అవుతుందండీ? నిన్ను నిజంగా ద్వేషించి తిట్టలేదు, డబ్బు కోసం తిట్టాను అంటే పడ్డవాడికి చల్లగా ఉంటుందా? నాకైతే ఇంకా మండుతుంది.

పైగా సౌత్ కరోలినాలో కౌలు కూలీ ఇంట్లో పుట్టి, ఫిలడెల్ఫియాలో కబేళాలో పనిచేసి పైకొచ్చినవాడు ఫ్రేజియర్. చిన్నప్పుడు అలీ ఇల్లు అంతకంటే చాలా నయం. తెల్లవాళ్ల మనిషి అని ఎవరు ఎవరిని అనాలి?

నాకౌట్_నాని:
పైన పటారం లోన లొటారం. బాక్సర్లే కాదు, అందరూ అంతే. ఇక మూసేయండి చర్చ.

మౌనిక_ఆర్:
మీరిద్దరూ వేషం అంటే బాక్సర్ తనే ఎంచుకుని వేసుకున్నది అన్నట్టు మాట్లాడుతున్నారు. చాలామందికి అది వేరేవాళ్లు తొడిగినదే.

1938లో నల్లజాతి అమెరికన్ జో లూయిస్ చేతిలో 124 సెకన్లలో ఓడిన జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్‌ని ప్రపంచమంతా హిట్లర్ మనిషిగానే చూసింది. అదే ఏడాది నవంబరులో యూదుల ఇళ్ల మీద, దుకాణాల మీద దాడులు జరిగిన రాత్రుల్లో ఆయన బెర్లిన్‌లో తన హోటల్ గదిలో ఇద్దరు యూదు పిల్లల్ని దాచాడు. యాభై ఏళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. 1989లో ఆ పిల్లల్లో ఒకాయన బయటపెడితే లోకానికి తెలిసింది.

అవతల లూయిస్‌కేమో మేనేజర్లు ముందే షరతులు పెట్టారు. పడిపోయిన తెల్లవాడి మీద గెలుపు నవ్వు నవ్వకూడదు, తెల్ల ఆడవాళ్లతో ఫొటో దిగకూడదు. మొదటి నల్లజాతి హెవీవెయిట్ చాంపియన్ జాక్ జాన్సన్ మీద తెల్లవాళ్లకున్న కసి ఇతని మీదికి మళ్లకూడదని. లూయిస్ నెమ్మదస్తుడని జనం మెచ్చుకున్నారు. ఆ నెమ్మది ఎంత అతనిది, ఎంత షరతులది?

ఇక బాక్సర్ ఎమిల్ గ్రిఫిత్. ఆడవాళ్ల టోపీలు తయారుచేసే చోట పనిచేసిన మనిషి. మగవాళ్లని ఇష్టపడతాడని 1962లో ఫైట్‌కి ముందు బరువు చూసే చోట ప్రత్యర్థి బెనీ పారెట్ అందరి ముందూ బూతుమాట అన్నాడు. ఆ రాత్రి 12వ రౌండ్‌లో పారెట్ తాళ్ల మీద ఒరిగిపోయాక కూడా గ్రిఫిత్ గుద్దులు ఆగలేదు. పది రోజులకి పారెట్ చనిపోయాడు. గ్రిఫిత్ బతికినన్నాళ్లూ ఆ రాత్రిని మోశాడు. ఇందులో వ్యాపారం ఎక్కడుందో చెప్పండి.

పదిహేనోరౌండ్:
మౌనిక గారూ, గ్రిఫిత్ కథకి నా దగ్గర సమాధానం లేదు. కానీ అది వేరే సంగతి. నేను ప్రచారం కోసం వాగే వాగుడు గురించి మాట్లాడుతున్నాను.

సూరి గారికి ఒక ప్రశ్న. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అలీ వణికే చేత్తో జ్యోతి వెలిగించాడు. పార్కిన్సన్స్ వచ్చిన మనిషి. అతన్ని ఆ మంటలోకే తోసేయాల్సిందని ఫ్రేజియర్ అన్నాడు. అది ఏ వేషం? అక్కడ అమ్ముకోవడానికి ఫైట్ కూడా లేదే. అలీ కనీసం కసి పోగుచేసి మోసుకు తిరగలేదు. 21 ఏళ్లు కడుపులో పెట్టుకుని విషం కక్కింది మీ మంచివాడే. చర్మం అంత పలచనైతే ఈ ఆటలోకి రాకూడదు.

సౌత్‌పా_సూరి:
చూశారా! అలీ అంటే వేషం, ఫ్రేజియర్ అంటే నిజస్వరూపం. మీకు నచ్చినవాడి తప్పులన్నీ ముసుగు ఖాతాలోకి, నచ్చనివాడివి మనిషి ఖాతాలోకి. బాగుంది మీ లెక్క.

తూకంరాయి:
1974 జనవరిలో టీవీ స్టూడియోలో అలీ 'నీకేం తెలియదు' అని పదేపదే అంటే ఫ్రేజియర్ లేచి మీదికెళ్లాడు, ఇద్దరూ కింద పడి దొర్లారు. చెరో 5 వేల డాలర్ల జరిమానా పడింది. అది నిజం కొట్లాటా నాటకమా, ముందు తేల్చండి. మిగతాదంతా తర్వాత.

పదిహేనోరౌండ్:
సూరీ, అసలు నీ బాధ అలీ కాదు. పది పోస్టుల నుంచి చూస్తున్నా, ఎక్కడో ఎవడో నిన్ను ఏదో అన్నాడు, ఆ కసి తెచ్చి ఇక్కడ అలీ మీద రుద్దుతున్నావు. రింగ్ ఎక్కినవాడికెవడికైనా తెలుస్తుంది ఇది ఆటలో భాగమని. నువ్వు ఎక్కావా ఎప్పుడైనా?

నాకౌట్_నాని:
'గారు' పోయింది, 'మీరు' కూడా పోయింది. గంట కొట్టండి ఎవరైనా.

సౌత్‌పా_సూరి:
ఎక్కాను. నాలుగేళ్లు. ఊహించింది నిజమే, ఒకడు అన్నాడు.

నాకు నత్తి ఉండేది. ఇప్పటికీ ఉంది, రాస్తే కనపడదు అంతే. ఒకే జిమ్, ఒకే కోచ్, నాకంటే వాడు రెండేళ్లు పెద్ద. మాకిద్దరికీ పోటీ పడ్డప్పుడల్లా బరువు చూసే చోట నా మాట తీరుని అనుకరించేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు. ఫైట్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో భుజం మీద చెయ్యేసి 'షో రా, మనసులో పెట్టుకోకు' అనేవాడు. బయట ఎవరిని అడిగినా వాడంత మంచివాడు లేడంటారు. నిజంగానే మంచివాడేమో. నాకు చెయ్యి విరిగినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లిందీ వాడే.

రెండుసార్లు ఓడించాను వాడిని. అది ఎవరికీ గుర్తులేదు. నత్తి అనుకరణ మాత్రం ఇప్పటికీ గుర్తు చేసుకుని నవ్వుతారు. నన్ను మాటలన్నది వాడి వేషమా, వాడా? ఆసుపత్రికి తీసుకెళ్లినవాడు వేరే మనిషా? నేను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో చెప్పండి పదిహేనోరౌండ్ గారూ.

(తర్వాతి పోస్టు ఆరు గంటలు గడిచాక)

పదిహేనోరౌండ్:
'మీరు' అనే అంటాను, ఇందాక నోరు జారింది.

నేనూ ఆడినవాడినే, చిన్న స్థాయిలోనే అనుకోండి. మొదట్లో నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఎవరూ మ్యాచ్‌లు ఇచ్చేవాళ్లు కాదు. నిన్ను చూడటానికి ఎవడొస్తాడు, కాస్త కూతలు నేర్చుకో అన్నాడు కోచ్. నేర్చుకున్నాను. అవతలివాడి ముక్కు, రంగు, వాళ్లమ్మ, ఏది దొరికితే అది. జనం రావడం మొదలుపెట్టారు. నా మొహం పోస్టర్ మీదికెక్కింది.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ నోరు ఇంటికి కూడా వచ్చేసింది. ఒకరోజు మా ఆవిడతో ఏదో చిన్న గొడవలో అచ్చం మైకు ముందు మాట్లాడినట్టే మాట్లాడాను. ఆవిడ ఏమీ అనలేదు. ఇక్కడ ఎవరూ టికెట్ కొనలేదు అంది, అంతే.

ఫోర్‌మన్ 1977లో రింగ్ వదిలి పాస్టర్ అయ్యాడు. పదేళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి ఆ పాత మొహం లేదు. తీసేయొచ్చు అని నమ్మడానికి నాకున్న ఒకే ఒక్క సాక్ష్యం అతను. అందుకే అది వేషమే అని ఇంత గట్టిగా పట్టుకున్నానేమో.

మౌనిక_ఆర్:
తీసేయడానికి ఫోర్‌మన్‌కి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో అతనికి ఎదురుపడినవాళ్లకి ఏ మొహం కనపడిందో మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. మీ ఇద్దరి తేడా అదేననుకుంటా. ఒకరు వేసుకున్నవాడి వైపు నుంచి చూస్తున్నారు, ఇంకొకరు ఎదురుగా నిలబడి.

సౌత్‌పా_సూరి:
వాళ్లందరినీ అడిగారా ఎప్పుడైనా? ముక్కు, రంగు అన్నారే, వాళ్లని.

పదిహేనోరౌండ్:
ఒకడిని అడుగుదామని ఫోన్ చేశాను ఒకసారి. ఎత్తాడు. గొంతు విని పెట్టేశాడు. మీ వాడు ఇప్పుడు ఫోన్ చేస్తే మీరు ఎత్తుతారా?

సౌత్‌పా_సూరి:
చేస్తూనే ఉంటాడు, పండగలకీ పుట్టినరోజులకీ. ఎత్తుతాను. ఆ మాట ఎత్తడు వాడు. నేనూ ఎత్తను.

గ్యాలరీ_సీటు:
నేను ఫోర్‌మన్ నిక్కరు గురించి అడిగాను.

తూకంరాయి:
ఇంతకీ ఆ డబ్బు అప్పా, ఊరికే ఇచ్చాడా? ఎవరూ చెప్పలేదు.